పెదలంక ప్రతినాయకులు

పెదలంక మున్సిపల్ కమిషనర్ చక్రధర్ గారు నాయకత్వ శిక్షణ కోసం రాజధానికి వెళ్ళి, వారం తిరక్కుండానే మారిన మనిషై వచ్చారు. వెళ్ళేటప్పుడు ఆయనకి మీసం లేదు. వచ్చేటప్పుడు దాని తాలూకు ప్రయత్నం కనిపించింది.

వచ్చిన రోజే విభాగాధిపతులందరినీ సమావేశపు గదికి పిలిపించారు.

"మన కథల్లో నాయకుడు ఏం చేస్తాడో ఒక్కసారి ఆలోచించండి. సగం కథ దాకా పాటలు పాడతాడు. ఎవరో వచ్చి రెచ్చగొడితే తప్ప కదలడు. అదే ప్రతినాయకుణ్ణి చూడండి. మొదటి రంగం నుంచే అతనికి లక్ష్యం ఉంటుంది, గడువు ఉంటుంది, చెప్పిన మాట వినే అనుచరగణం ఉంటుంది. ఏ విలనైనా సెలవు చీటీ పెట్టడం మీలో ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు.

"కాబట్టి నాయకత్వాన్ని నాయకుల దగ్గర నేర్చుకోవడమన్నది మౌలికంగా లోపభూయిష్టమైన విధానం. రాష్ట్రంలోనే ప్రప్రథమంగా మన పురపాలక సంఘం ప్రతినాయకుల నుంచి నేర్చుకోబోతోంది."

మధ్యాహ్నానికి సర్క్యులర్ వచ్చింది. ప్రతి విభాగాధిపతీ తన స్వభావానికీ, తన విభాగపు అవసరాలకూ అనుగుణమైన ఒక విలన్‌ను ఎంపిక చేసుకుని, సదరు ఎంపికను మూడు ప్రతులలో సమర్పించవలెనని అందులో ఉంది.

ఇంజనీరు ప్రకాశం జానపద కథల్లోని మాంత్రికుణ్ణి తీసుకున్నాడు. దీక్షకని పెంచిన గడ్డం ఆయనకి అప్పటికే ఉంది. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది కదా, అందులో మనకేమిటి పాఠం అని ఆయన అడిగితే, "దాన్నే బ్యాకప్ అంటారు" అని కమిషనర్ గారు వివరించారు. ఆరోగ్య విభాగం స్మగ్లర్‌ను ఎంచుకుని తెల్ల బూట్లు కొనుక్కుంది. ఆ బూట్లతో మురుగు కాలవలు తనిఖీ చేయడం కుదరదు కాబట్టి తనిఖీలు ఆగిపోయాయి. పన్నుల విభాగం జమీందారును ఎంచుకుంది. వాళ్ళ ప్రవర్తనలో ఏ మార్పూ కనబడకపోవడంతో అక్కడ పథకం నూటికి నూరు శాతం అమలైనట్టు నమోదు చేశారు.

మిగిలింది మేనేజర్ అచ్యుతం గారు.

అచ్యుతం గారు నెమ్మదైన మనిషి. ఆఫీసులో ఏ ఫైలైనా ఆయన బల్ల మీదుగానే వెళ్ళాలి. ఎవరు ఏమడిగినా "ఆయ్, చూద్దామండి" అనేవారు తప్ప కాదని ఎవర్నీ నొప్పించి ఎరగరు. అవునని ఎవర్నీ ఆనందపెట్టిందీ లేదు. విలన్‌ను ఎంచుకోమంటే గడువు దాటేదాకా ఆలోచించారు. అప్పటికి కుట్రలు పన్నే మేనమామ పాత్ర ఒక్కటే ఖాళీగా ఉంది.

"నాకు మేనల్లుళ్ళు లేరండి" అన్నారాయన ఇబ్బందిగా.

"అది మీ వ్యక్తిగత విషయం" అన్నారు కమిషనర్ గారు.

శిక్షకుడిగా ర్యాలి సోమసుందరం గారిని పిలిపించారు. ఆయన పరిషత్తు నాటకాల్లో జీవితమంతా విలన్ వేషాలు వేసి రిటైరైన నటుడు. స్టేజీ మీద ఆయన్ని చూసి పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చేవారట. మామూలుగా మాత్రం చీమను కూడా పక్కకి జరగమని అడిగే రకం. గట్టిగా హుంకరించి చూపించి, వెంటనే "క్షమించండి" అనేవారు.

రోజూ ఉదయం పోర్టికోలో నవ్వు సాధన జరిగేది. పన్నుల విభాగం నవ్వు కూరగాయల మార్కెట్టు దాకా వినిపించేది. అచ్యుతం గారి నవ్వు దగ్గులా వచ్చేది.

"కడుపులోంచి రావాలి బాబూ. మీది గొంతు దగ్గరే ఆగిపోతోంది" అనేవారు సోమసుందరం గారు జాలిగా.

ఒకరోజు పాఠం మధ్యలో సోమసుందరం గారు ఒక పాత సంగతి చెప్పారు. "విలన్లందరూ చేసే పొరపాటు ఒకటుందండి. నాయకుణ్ణి తెచ్చి కుర్చీకి కట్టేస్తారు. వెంటనే చంపేయొచ్చు కదా. చంపరు. ఎదురుగా నిలబడి తమ పథకమంతా పూసగుచ్చినట్టు చెప్పుకుంటారు. అక్కడే చెడిపోతుంది."

కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్ళు మెరిశాయి.

"అది పొరపాటు కాదు సోమసుందరం గారూ. అది పారదర్శకత."

మర్నాడే ఇంకో సర్క్యులర్. అర్జీతో వచ్చిన ప్రతి పౌరుణ్ణీ కుర్చీలో కూర్చోబెట్టి, లాంఛనప్రాయంగా కట్టి, వారి పని ఎందుకు కాలేదో, ఎవరు కానివ్వలేదో, ఇకపై ఏ విధంగా కాకుండా చూడబోతున్నారో సవివరంగా తెలియజేయవలెను. కట్టుటకు పురికొస సరిపోవును.

మొదట్లో జనం కంగారు పడతారేమోనని అందరూ భయపడ్డారు. కానీ ఆ ఆఫీసులో కూర్చోమని కుర్చీ చూపించడం అదే మొదటిసారి కావడంతో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పైగా తమ ఇంటి పన్ను ఎందుకు రెట్టింపైందో, వీధి దీపం ఎందుకు వెలగదో ఇన్నేళ్ళకి ఒక మనిషి ఎదురుగా నిలబడి చెబుతుంటే, వాళ్ళకి కడుపు నిండినట్టయింది. వారం తిరిగేసరికి కట్టించుకోవడానికి గేటు దాకా వరస పెరిగింది.

ఆ వరసలోనే మంగాయమ్మ వచ్చింది.

మంగాయమ్మది కాలవ అవతల రెల్లుపేట. కాలవ గట్టు మీద ఇడ్లీ బండి నడుపుతుంది. రెల్లుపేట నుంచి బడికి రావాలంటే పిల్లలు కాలవ దాటాలి. దాటడానికి రెండు తాటి దుంగలే ఆధారం. కిందటి వానాకాలంలో మంగాయమ్మ మనవరాలు దుంగ మీంచి జారి కాలవలో పడింది. గేదెలు కడుగుతున్నవాళ్ళు చూశారు కాబట్టి బతికింది. కాలినడక వంతెన కావాలని మంగాయమ్మ అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచీ అర్జీలు పెడుతూనే ఉంది.

అచ్యుతం గారు ఆమెను కూర్చోబెట్టి, మణికట్టు చుట్టూ పురికొస వదులుగా చుట్టారు.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"లేదండి. సెప్పండి బాబుగారూ, మీ కుట్రేటో."

అచ్యుతం గారు సోమసుందరం గారు నేర్పినట్టు చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగులు అటూ ఇటూ నడిచారు.

"మీ వంతెన మంజూరై ఉందమ్మా. డబ్బు కూడా విడిగా కేటాయించారు. కాలవ తమది కాదు, నీటిపారుదల శాఖదని ప్రకాశం గారు రాశారు. నీళ్ళే మావి, నీళ్ళ పైనున్న గాలి మాది కాదని ఆ శాఖవాళ్ళు రాశారు. అంటే ఎవరికీ అభ్యంతరం లేనట్టే. ఇక నేను 'సిఫారసు చేయడమైనది' అని ఒక్క ముక్క రాసి పైకి పంపాలి."

"మరి రాశారా?"

"లేదు. నేను 'చర్చించవలెను' అని రాశాను."

"ఎవరితో సర్చించాలండి?"

అచ్యుతం గారు నడక ఆపేశారు. ఆ ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఫైలు తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ మాట రాసి పక్కన పెట్టేవారు. ఎవరితో అన్నది రాయలేదు. ఎవరితోనూ చర్చించలేదు కూడా.

"రేపు వంతెనకి ఏమైనా అయితే, సిఫారసు చేసిందెవరని అడుగుతారు కదమ్మా. అప్పుడు నా పేరు బయటకొస్తుంది. చర్చించవలెను అని రాస్తే ఎవరి పేరూ రాదు" అన్నారు చివరికి నెమ్మదిగా. ఇంతకాలం తనలో తాను కూడా పైకి అనుకోని మాట అది. నోట్లోంచి వచ్చాక ఆయనకే సిగ్గేసింది.

మంగాయమ్మ కోప్పడలేదు. కట్టిన చేతులకేసి చూసుకుంది.

"అంతేనాండి? నేనింకా పెద్ద పెద్దోళ్ళెవరో అడ్డం పడతన్నారనుకున్నాను" అంది.

ఆ సాయంత్రమే అచ్యుతం గారు కమిషనర్ గారి గదికి వెళ్ళి, వంతెన ఫైలు సిఫారసు చేసేస్తానని చెప్పారు.

కమిషనర్ గారు తల అడ్డంగా ఊపారు. "కుదరదు అచ్యుతం గారూ. విలన్ మారకూడదు. మనసు మారడం, కళ్ళు తుడుచుకోవడం ఇవన్నీ తండ్రి పాత్రలు చేసుకుంటాయి. విలన్ ఓడిపోవాలి. అది స్థాపిత విధానం."

"ఓడిపోవాలంటే ఎవరైనా ఓడించాలి కదండి."

ఈ లోపం కమిషనర్ గారికి అప్పుడే తట్టింది. ఆఫీసు నిండా విలన్లే గానీ నాయకుడంటూ ఒక్కడూ లేడు. ఉద్యోగుల్లో ఎవరైనా ఆ బాధ్యత స్వీకరించవచ్చునని నోటీసు బోర్డులో పెట్టారు. నాయకుడికి దెబ్బలు ఎక్కువ, సౌకర్యాలు తక్కువ అని అందరికీ తెలుసు. ఒక్క దరఖాస్తూ రాలేదు. చివరికి, అర్జీలు అందరికంటే ఎక్కువ పెట్టిన పౌరురాలనే ప్రాతిపదికన మంగాయమ్మను గౌరవ కథానాయికగా నియమించారు. ఉత్తర్వు పట్టుకెళ్ళి చదివి వినిపిస్తే, "బండి కాడ నుంచి పొద్దున్న పూట రాలేనండి, మజ్జాన్నం అయితే ఒత్తాను" అని ఒప్పుకుంది.

ప్రాంతీయ సంచాలకుల వారు ఈ నమూనా పథకాన్ని స్వయంగా చూడ్డానికి వస్తున్నారనీ, ఆ రోజు టౌన్ హాల్లో అన్ని విభాగాల క్లైమాక్సులూ వరసగా జరుగుతాయనీ ప్రకటించారు.

సంచాలకులు వస్తున్నారనగానే కమిషనర్ గారి ఉత్సాహం గట్టు తెగింది. విలన్‌కి స్థావరం ఉండాలి. స్థావరం లేని విలన్‌ని ఎవరూ లెక్కచేయరు. ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో 'నాయకత్వ గుహ' కట్టాలని నిర్ణయించారు. సిమెంటు గుహ. ముఖద్వారం పుర్రె ఆకారంలో ఉంటుంది. లోపల ఎర్ర దీపాలు, ఏసీ, ముప్ఫై మంది కూర్చునే సమావేశ మందిరం.

ప్రకాశం అంచనాలు వేసుకుని వచ్చాడు. "నిధులకి ఇబ్బంది లేదండి. రెల్లుపేట వంతెనకని పెట్టింది ఏళ్ళ తరబడి ఖర్చు కాకుండా పడుంది. దాన్ని ఇటు మళ్ళిస్తే సరిపోతుంది."

కమిషనర్ గారు చెడ్డవారు కారు. ఖర్చు కాని డబ్బంటే అవసరం లేని డబ్బేనని ఆయనకి శిక్షణలో చెప్పారు. మళ్ళింపు కాగితం అచ్యుతం గారి బల్ల మీదికి వచ్చింది. అలవాటు ప్రకారం ఆయన 'చర్చించవలెను' అని రాశారు.

"ఎవరితో?" అని అడిగారు కమిషనర్ గారు.

అచ్యుతం గారు పెన్నుకి మూత పెట్టారు. కమిషనర్ గారు కాగితం ఆయనకే తిరిగిచ్చారు.

"క్లైమాక్సు రోజున సంచాలకుల సమక్షంలో సిఫారసు చేసి అందజేయండి. నాటకీయంగా ఉంటుంది."

ఆ సాయంత్రం అచ్యుతం గారు ఇంటికి పోకుండా కాలవ గట్టుకి నడిచారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఆ దుంగల్ని కాగితం మీద చూడటమే గానీ కళ్ళతో చూడలేదు. చెప్పులు చేతబట్టుకుని ఎక్కారు. నాలుగడుగులు బాగానే వేశారు. నడిమికి వచ్చేసరికి ఒక దుంగ పక్కకి దొర్లినట్టయింది. కింద నీళ్ళు చూశారు. ముందుకీ వెనక్కీ కాలు రాలేదు. ఒక చెప్పు కాలవలో పడి తేలుతూ వెళ్ళిపోయింది.

అవతలి గట్టున గిన్నెలు కడుగుతున్న మంగాయమ్మ చూసి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని వచ్చింది.

"కిందకి సూడకండి బాబుగారూ. నాకేసి సూడండి. ఆ చెయ్యిలా ఇవ్వండి."

చెయ్యిచ్చారు. ఆమె వెనక్కి నడుస్తూ, ఆయన్ని ముందుకి నడిపిస్తూ గట్టుకి చేర్చింది. అచ్యుతం గారు గడ్డి మీద కూలబడ్డారు.

"పిల్లలు రోజూ ఇలాగే వస్తారా?"

"ఎండాకాలం ఒత్తారండి. వానలు పట్టాక మేమే పంపం. బడి మానేత్తారు. అలా మానేసినోళ్ళు కొందరు మళ్ళీ ఎల్లలేదు" అంది ఆమె, పాలు విరిగిపోయాయని చెప్పినంత మామూలుగా.

ఇవతలి ఒడ్డుకి మళ్ళీ దాటించింది కూడా ఆవిడే. అచ్యుతం గారు ఒంటి చెప్పుతో ఇంటికి వెళ్ళారు.

క్లైమాక్సు రోజున టౌన్ హాలు కిటకిటలాడింది. అర్జీదారులందర్నీ కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టి పురికొసతో కట్టారు. వేదిక మీద సంచాలకుల వారు శాలువాతో కూర్చున్నారు.

"ఓటమికి కొలమానం నిర్ధారించారా?" అని ఆయన అడిగారు.

"పెండింగు పని మీద సంతకం పెట్టడమే ఓటమిగా నిర్వచించామండి" అన్నారు కమిషనర్ గారు.

ఆరోగ్య విభాగం ఓడిపోయి, మురుగు కాలవలకి ఒప్పుకుంది. తెల్ల బూట్లు వేదిక మీదే విప్పారు. పన్నుల విభాగం ఓడిపోవడానికి ససేమిరా అంది, తమ ఓటమిని వాయిదా వేయాలని అక్కడికక్కడే అర్జీ పెట్టుకుంది. ఆ అర్జీ ఇచ్చినవాణ్ణి కూడా నిబంధన ప్రకారం కుర్చీలో కూర్చోబెట్టి కట్టేశారు.

తర్వాత అచ్యుతం గారి వంతు. చేతిలో మళ్ళింపు కాగితం పట్టుకుని ముందుకొచ్చారు. మంగాయమ్మ ఎదురుగా మొదటి వరసలో ఉంది. దుంగ మీద నిలబడ్డప్పటిలాగే ఆయన కిందకి చూడకుండా ఆమెకేసి చూశారు.

"రెల్లుపేట వాళ్ళందరూ వినండి. మా పథకం మొత్తం చెబుతాను. మీ వంతెన డబ్బు ఎక్కడికీ పోలేదు. ఇన్నాళ్ళూ ఆపింది నేను, భయంతో. ఈ కాగితం మీద నేను సంతకం పెడితే ఇవాళ్టితో ఆ డబ్బు గుహకి వెళ్ళిపోతుంది. పుర్రె ఆకారంలో గుహ. లోపల ఏసీ కూడా ఉంటుంది. గుహ కట్టేది కమిషనర్ గారు, లెక్కలేసింది ప్రకాశం గారు, సిఫారసు చేయాల్సింది నేను. నేను చేయను. వంతెనకి చేశాను. ఇదిగో, నా పేరు కింద రాసుంది" అని జేబులోంచి ఇంకో కాగితం తీసి చూపించారు.

వెనక వరసల వాళ్ళు మెడలు సాచి చూశారు.

"ఈ మేనేజరు చాలా సహజంగా చేస్తున్నాడు" అన్నారు సంచాలకుల వారు.

కమిషనర్ గారి ముఖం ముందు పాలిపోయింది. తర్వాత మెల్లగా వెలిగింది. ఆయన సంచాలకుల వైపు ఒరిగి, గద్గదంగా అన్నారు. "నమ్మిన అనుచరుడి ద్రోహం సార్. శిక్షణలో చివరి పాఠం. నేనింకా వీళ్ళకి చెప్పనే లేదు. ఆయనే స్వయంగా చేరుకున్నాడు."

మంగాయమ్మ లేచింది. పురికొస పుటుక్కున తెగింది. ఆమె వెనక రెల్లుపేట వాళ్ళు లేచారు. ఆ వెనక మిగతా అర్జీదారులు. హాలంతా పురికొస తెగుతున్న చప్పుడే. ఆమె మెట్లెక్కి వేదిక మీదికి వచ్చి, అచ్యుతం గారి చేతిలోని వంతెన కాగితం తీసుకుని కమిషనర్ గారి ముందు పరిచి, ఆయన జేబులోని పెన్ను తనే తీసి చేతిలో పెట్టింది.

"పెట్టండి బాబూ" అంది.

కమిషనర్ గారు అటూ ఇటూ చూశారు. ముందు వరసలోంచి సోమసుందరం గారు లేచి నిలబడ్డారు. హాలు కప్పు అదిరేలా, పాతరోజుల గొంతుతో అన్నారు.

"బాబూ, ఇక్కడ మీరు పడిపోవాలి."

"ఎటువైపు?" అన్నారు కమిషనర్ గారు.

"సంతకం వైపు. క్షమించండి."

కమిషనర్ గారు సంతకం పెట్టి, పద్ధతి ప్రకారం గుండె పట్టుకుని కుర్చీలో వాలిపోయారు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో ఎవరు నాటకానికి కొట్టారో, ఎవరు వంతెనకి కొట్టారో వేరుచేసి చెప్పడం కష్టం.

సంచాలకుల వారు తమ నివేదికలో పథకాన్ని మెచ్చుకున్నారు. గుహ ఆలోచన మరీ నచ్చి దాన్ని తమ కార్యాలయానికి పట్టుకుపోయారు. అచ్యుతం గారి మీద ఏదో ఒక చర్య తీసుకోవాలన్నారు గానీ, ఆయన చేసింది తప్పా, ప్రతిభా అన్నది తేలక, నమ్మకద్రోహంలో విశేష నైపుణ్యం కనబరిచినందుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. అచ్యుతం గారి భార్య దాన్ని గోడకి తగిలించకుండా బీరువాలో దాచింది. చుట్టాలు చదివితే బాగుండదని.

కమిషనర్ గారు వానలకి ముందే వంతెన పూర్తి కావాలని పట్టుబట్టి రోజూ గట్టు మీదే ఉండి పని చేయించారు. ఓడిపోవడంలో ఇంత సంతోషం ఉంటుందని తనకి ఏ శిక్షణలోనూ చెప్పలేదని ప్రకాశంతో అన్నారట.

మొదటి వాన పడిన ఉదయం అచ్యుతం గారు వంతెన మీదికి వెళ్ళారు. పిల్లలు గొడుగుల కింద ముగ్గురేసి, నలుగురేసి బడికి పోతున్నారు. ఎవరూ కింద నీళ్ళకేసి చూడటం లేదు. అవతలి కొసన మంగాయమ్మ బండి మీద టార్పాలిన్ కట్టుకుంటోంది. ఆయన్ని చూసి, విస్తరాకులో వేడి వేడి ఇడ్లీలు పెట్టి ఇచ్చింది. డబ్బు తీయబోతే వద్దంది.

"ఒక మాట అడగనా అమ్మా. ఇన్నేళ్ళు తిరిగారు కదా. ఒక్కసారైనా నన్ను గట్టిగా అడగలేదే?" అన్నారాయన.

మంగాయమ్మ చట్నీ వేస్తూ సిగ్గుగా నవ్వింది.

"ఎలా అడుగుతానండి? మీరు మంచోరని ఊరంతా అంటంటే."

అచ్యుతం గారు తుంచిన ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. పక్కనుంచి పోతున్న పిల్లల గొడుగుల మీంచి వాననీళ్ళు ఆయన చొక్కా మీద పడుతున్నాయి. ఆయన జరగలేదు.

"చల్లారిపోతన్నాయి, తినండి" అంది మంగాయమ్మ.